మునగ చెట్టుకు రెండో సగం

నా చిన్నప్పుడు చెట్లన్నీ అద్దం పెట్టినట్టు కుడి ఎడమలు ఒకేలా ఉంటాయని నమ్మేదాన్ని. కళ్ళెదుట చెట్టు ఉన్నా అలాగే నమ్మాను. మాది పట్టుచీరలు నేసే ఇల్లు మరి. బెంగళూరు పేటలో, నడుమ ఒక పెరడూ దాని చుట్టూ వరసగా ఇళ్ళూ ఉన్న వఠారంలో కాపురం. మా తాత చీరల కొంగులకు బొమ్మలు గీసేవాడు. గళ్ళ కాగితం మీద నిలువుగా ఒక గీత కొట్టి, దానికి ఒక పక్కనే మాను, కొమ్మలు, ఆకులు, ఒక పిట్ట గీసి పెన్సిలు కింద పెట్టేసేవాడు. రెండో పక్క ఎందుకు గీయవని అడిగితే, మగ్గానికి సగం చెబితే చాలు, మిగతా సగం అదే నేసుకుంటుందనేవాడు. చీర దిగేసరికి నిజంగానే చెట్టు నిండుగా ఉండేది, ఆ కొమ్మకు ఈ కొమ్మ, ఆ పిట్టకు ఈ పిట్ట. నేనూ ఆ విద్యే పట్టాను. నాకు మగ్గం లేదు కనుక బొగ్గుతో సగం చెట్టు గీసి, కాగితం మధ్యకు మడిచి, పైన గరిటె కాడతో రుద్దేదాన్ని. విప్పితే రెండో సగం అచ్చు పడి ఉండేది. అంతకన్నా బాగా చెట్లు గీసేవాళ్ళు లోకంలో ఉండరని నా ధీమా.

మా అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఏడు నాకు ఎనిమిదో తొమ్మిదో. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఊరికి దూరంగా క్షయ రోగులను పెట్టే ఆస్పత్రి అది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, గాలి మార్పుకు పోయిందనేవారు. పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. ఆదివారం ఆదివారం మా నాయన ఒక్కడే వెళ్ళి చూసొచ్చేవాడు. మా అవ్వ నేను పుట్టకముందే పోయింది, నాకు తోబుట్టువులు లేరు. పొద్దున్నే నాయన సంగటి చేసి, నాకు జడ వేసి, తాతతో పాటు మగ్గం గుంటలోకి దిగేవాడు. ఆ జడ మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది. ఇంటినిండా మగ్గాల చప్పుడు ఉండేది కానీ నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. బడి నుంచి వచ్చి వంటింటి గడప మీద కూర్చుని అమ్మ కూర్చునే పీట వైపు చూసేదాన్ని. ఏడుపు వచ్చేది కాదు. కడుపులో ఏదో ఖాళీ, ఎంత తిన్నా నిండనిది.

మా పెరట్లో ఒక మునగ చెట్టు ఉండేది. అమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటిందట. ఒక ఆదివారం నాయన తిరిగొచ్చి, అమ్మ చెట్టు ఎట్లుందని అడిగిందనీ, బాగుందని చెప్పాననీ అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. బాగుందంటే అమ్మకు ఏం తెలుస్తుంది? చెట్టును గీసి పంపుతానన్నాను. కాగితం దొరకని రోజులవి. తాత పాత గళ్ళ కాగితం ఒకటిస్తే దాని వెనక వైపు సగం మునగ చెట్టు గీసి, మడిచి, రుద్ది, విప్పాను. తాత దాన్ని ఎత్తి పట్టుకుని, నీ చేయి నా చేతిని మించిపోయిందే అంటూ నన్ను మునగ చెట్టు ఎక్కించాడు. తరువాతి ఆదివారం నాయన దాన్ని తీసుకెళ్ళాడు. ఆ రోజంతా నేను వీధి వాకిలి వదల్లేదు.

సాయంత్రం నాయన వచ్చి, "మీ అమ్మకు శానా నచ్చిందప్పా. ఈ కొంగు ఎవురి పెండ్లికి నేస్తాండారు అని అడిగింది" అన్నాడు. తాత నవ్వాడు. నాయన కూడా నవ్వాడు, పాపం అలసటలోనే. నాకు మాత్రం నవ్వు రాలేదు. తన చేత్తో నాటిన చెట్టును అమ్మ గుర్తు పట్టలేదు. ఇట్లాగే ఇంకొన్నాళ్ళు పోతే ఇల్లూ, ఇంట్లో నేనూ కూడా ఆమెకు గుర్తుండమేమోనని భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెట్టు వెనక్కి వెళ్ళి గోడవారగా కూర్చున్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నన్ను అక్కడ చూసింది మా పక్కింటి అక్క. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. మొగుడు పటాలంలో లారీ నడపడానికి పోయాడు, ఆమె అత్తగారితో ఉండేది. ఆమెకు బొమ్మలు గీయడం బొత్తిగా రాదు. వాకిట్లో ముగ్గు పెడితే అత్తగారు తుడిచి మళ్ళీ పెట్టుకునేది. అక్క ఏం జరిగిందని అడగలేదు. ఊడిన నా జడను విప్పి గట్టిగా అల్లింది. అల్లడం అయ్యేసరికి సంగతంతా నేనే చెప్పేశాను, రేపు ఇంకా పెద్ద కాగితం మీద మడిచి గీస్తానని కూడా చెప్పాను. ఆమె చెట్టుకు వీపు పెట్టి, బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"నేనే మీ అమ్మ అనుకో. మంచంలో పండుకోనుండాను. నాకు చెట్టు కనపడదు. ఏముండాదో చెప్పు" అంది.

ఇదేం ఆట అనుకున్నాను. మాను ఉంది, ఎడమ పక్క ఒక పెద్ద కొమ్మ, కుడి పక్క ఒక పెద్ద కొమ్మ అని గడగడా అప్పగించాను.

"కుడి పక్క కొమ్మ యాడుండాది? చూసి చెప్పు పాపా. సుమ్మనే నోటికొచ్చింది చెప్పొద్దు."

చూశాను. కుడి పక్క కొమ్మ లేదు. అమ్మ వెళ్ళిన తర్వాత గాలివానకు అది విరిగి ఇదే బండ మీద పడింది. దాన్ని పెరట్లోంచి ఈడ్చి పారేసింది నేనూ నాయనే. ఆ కొమ్మ ఆకు కోసి కూర చేసుకుని తిన్నాం కూడా. అయినా కాగితం మీద దాన్ని నిలబెట్టి అమ్మకు పంపించాను! అక్క మాత్రం వెనక్కి తిరగలేదు. ఇంకేముండాది అని అడిగింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు అదే మా పని. ఆమె చెట్టుకు వీపు పెట్టి బియ్యంలో రాళ్ళు ఏరుతూ అడిగేది, నేను చూసి చెప్పేదాన్ని. మాను నిటారుగా ఉందా, వంగిందా? ఎంత ఎత్తున చీలింది? ఆకుల సందుల్లో ఏం కనబడుతోంది? చూడకుండా చెబితే నా గొంతు బట్టి పట్టేసుకునేది. చెప్పినదాన్ని చెప్పినట్టే కాగితం మీద పెట్టేదాన్ని. మాను మొదట గోడ వైపు ఒరిగి, తర్వాత ఎండ కోసం ఇటు మళ్ళింది. ఒక కొమ్మ కుడికీ పోలేదు ఎడమకీ పోలేదు, తిన్నగా నా ముఖం మీదికే వచ్చింది. దాన్ని ఎట్లా గీయాలో తెలియక ఎన్నిసార్లు చెరిపానో. పొడుగాటి కొమ్మే, కాగితం మీద మాత్రం పొట్టిగా, లావుగా వేస్తేనే ముందుకొచ్చినట్టు కనబడింది. మునగాకు ఒక్కొక్కటే గీస్తే పేలు పట్టినట్టు ఉంది. బొగ్గు పక్కకు పడుకోబెట్టి మెల్లగా రాసి, ఆకాశం కనిపించే చోట తెల్లగా వదిలేస్తే ఆకు దానంతట అదే వచ్చింది. మాను మీద బుడిపెలు, కారి గట్టిపడిన బంక, వంకర కాయలు. ఎంత చూస్తే అంత వికారంగా ఉంది చెట్టు. ఇట్లాంటి చెట్టును ఎవరైనా గీస్తారా, తాత చెట్టే నయం అని విసుక్కున్నాను.

అప్పుడు అక్క చేటలోకి చూస్తూ అన్న మాట నాకు ఇంకా వినబడుతుంది. "మా ఇంటాయన జాబులో ఎప్పుడూ ఒగటే రాస్తాడు పాపా. నేను క్షేమము, మీరు క్షేమమని తలుస్తాను అని. చదివితే ఎంత బేజారో. కాలికి దెబ్బ తగిలింది అని రాసినా సంతోషపడతానప్పా. ఆయన కాలే కదా అది." అని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఆ వఠారంలో నేనొక్కదాన్నే ఒంటరిని కానని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి సంతోషమేమీ కలగలేదు, ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నానంతే.

బొమ్మ పూర్తయ్యాక తాత చూశాడు. కొమ్మ విరిగిన మోడు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "జబ్బు మనిషికి ఇరిగిన కొమ్మ చూపిస్తారేమే? అపశకునం. ఆ పక్క కూడా ఒగ కొమ్మ వేసి సరిచెయ్యి" అన్నాడు. కోపంగా అనలేదు. కోడలంటే ఆయనకు ప్రాణం. అందుకే నాకు భయమేసింది. నా బొమ్మ వల్ల అమ్మకు ఏమన్నా అయితే? బొగ్గు ముక్క పట్టుకుని మోడు మీద చేయి పెట్టాను కూడా. కొమ్మ వేస్తే అది మళ్ళీ చీర అయిపోతుంది. వేయకపోతే తాత మాట కాదన్నట్టు. చివరికి కాగితం చుట్ట చుట్టి, అలాగే నాయన సంచిలో పెట్టేశాను.

ఆ ఆదివారం నాయన రావడం బాగా ఆలస్యమైంది. వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూర్చున్నాడు. తాత మగ్గం ఆపి వచ్చి నిలబడ్డాడు.

"శానాసేపు చూసింది. ఇది మన చెట్టు అనింది. ఆ మోడు మీద వేలు పెట్టి, ఈ కొమ్మ ఎప్పుడు ఇరిగింది, పాప దాని కింద ఆడుకుంటా ఉండ్లేదు కదా అని భయపడిపోయింది." అంటూ నాయన తల వంచుకున్నాడు. "ఇన్నాళ్ళూ నేను అంతా బాగుండాది, బాగుండాది అంటా వచ్చినా. ఆమె కూడా ఊఁ అనేది. ఈ పొద్దు అన్నీ అడిగింది నాయనా. కాయలు ఎవురు కోస్తాండారు, పాపకు జడ ఎవురు వేస్తాండారు అని. బయటికి పొమ్మని గంట కొట్టేదాకా మాట్లాడతానే ఉండాది." మా నాయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. తాత నా నెత్తి మీద చేయి పెట్టి, మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు. అమ్మ నాకు పంపిన కబురు ఒకటే. మోడుకు చిగురు వస్తే అది కూడా గీసి పంపమంది.

చిగురు వచ్చింది. గీసి పంపాను. పూత వస్తే పూత, గొంగళి పురుగులు పడితే పురుగులు, పక్కింటి పిల్లి మాను మీద గోళ్ళు గీరితే ఆ గీరలు. ఆదివారం కోసం వారమంతా చెట్టు చుట్టూ తిరిగేదాన్ని. అమ్మను చూడలేదు, ఆమె గొంతు వినలేదు. అయినా ఆ రోజుల్లో అమ్మకూ నాకూ మధ్య ఒక్క రోజు కూడా మాటలు ఆగలేదని ఇప్పటికీ అంటాను. వానాకాలం అయిపోతుండగా ఒక ఆదివారం నాయన కాగితం చుట్ట విప్పకుండానే తిరిగి తెచ్చాడు. ఆ తెల్లవారుజామునే అమ్మ పోయింది. అందులో ఏం గీశానో ఆమె చూడలేదు. ఆ వారం చెట్టులో పిచ్చుక గూడు పెట్టింది.

పక్కింటి అక్క మొగుడు యుద్ధం ముగిశాక తిరిగొచ్చాడు, వాళ్ళు వేరే ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆమె నాకు చివరిసారి జడ వేసింది. తరువాత నేను చాలా చెట్లు గీశాను, చాలామంది పిల్లలకు గీయడం నేర్పాను. నీడ ఎక్కడ, వెలుగు ఎక్కడ అని పెద్ద పెద్ద మాటలు నాకూ వచ్చాయి. మనిషిని చూసినా అదే అలవాటు, ఒక పక్క చూసి రెండో పక్క ఇలాగే ఉంటుందని అనుకోలేను. దీంతో లాభమూ పొందాను, తిట్లూ తిన్నాను.

ఇప్పుడు చేయి వణుకుతుంది. మా మనవరాలి ఇంటి బాల్కనీ ఎదురుగా ఒక పెద్ద చెట్టు ఉంది, పొద్దున్నే దాని ముందు కాగితం పెట్టుకుని కూర్చుంటాను. గీయడం మొదలుపెట్టే ముందు ఏ చెట్టు దగ్గరైనా నేను ఒక్కటే వెతుకుతాను, ఇందులో అమ్మకు తెలియనిది ఏముందా అని. ఈ చెట్టును అమ్మ ఎన్నడూ చూడలేదు. కాబట్టి అంతా చెప్పాలి, మొదటినుంచీ.