తొమ్మిదిన్నర మాస్టారు

చరిత్ర మాస్టారు తన సర్వీసులో ఎవరికీ పూర్తి మార్కులు వేసిన పాపాన పోలేదు. ఎంత బాగా రాసినా చివర్లో అర మార్కు కోసేసేవారు. ఆ కోత పిల్లలతో ఆగేది కాదు. స్టాఫ్‌రూములో టీ తాగి, "బాగుంది, పదికి తొమ్మిదిన్నర" అనేవారు. క్షౌరం చేయించుకుని అద్దంలో చూసుకున్నా తొమ్మిదిన్నరే. కొత్త చీర కట్టుకుని "ఎలా ఉన్నాను?" అని అడిగిన భార్యకి కూడా తొమ్మిదిన్నర వేసి, వారం రోజులు క్యాంటీన్లో భోంచేశారు.

బడి తెరిచిన మొదటి రోజే ప్రపంచ చరిత్ర తరగతిలో నియమాల కాగితం పంచేవారు. పరీక్షకి సగం మార్కులు, నోట్సుకి పావు వంతు, తరగతిలో నోరు విప్పినందుకు పావు వంతు. అన్నిటికన్నా కింద ఎర్ర సిరాతో ఇంకో నియమం: "అర మార్కు ఎందుకు పోయిందో తెలియాలంటే మధ్యాహ్నం విరామంలో ఎవరికి వారే వచ్చి అడగాలి. స్నేహితుల్ని పంపితే చెల్లదు. చీటీ రాస్తే చెల్లదు. పెద్దవాళ్ళొస్తే అసలే చెల్లదు."

దాంతో రోజూ మధ్యాహ్నం ఆయన గది ముందు పిల్లలు వరుస కట్టేవాళ్ళు. ఆ వరుస తోక సరిగ్గా పక్క గది గుమ్మం దాకా వచ్చేది. పక్క గది భూగోళం టీచరుది. ఆవిడకి అక్కడే కడుపు మండేది.

మండదా మరి? ఆవిడ గదిలో పటాలు దుమ్ము లేకుండా వేలాడుతుంటాయి. చక్కగా రాస్తే పదికి పది ధారాళంగా వేస్తుంది. పది తీసుకున్న పిల్ల "థాంక్స్ టీచర్" అని తుర్రుమంటుంది తప్ప మళ్ళీ ఆ గడప తొక్కదు. ఆవిడ ఒంటరిగా అన్నం డబ్బా విప్పుకుని, గోడ అవతలి మాటలు చెవులు రిక్కించి వినేది.

"అర ఎందుకు పోయింది మాస్టారూ?"

"విప్లవంలో రాజుగారిని పదవి నుంచి దింపేశావు. బాగానే ఉంది. ఆయన వంటవాడి గతేమైంది?"

"పుస్తకంలో లేదండీ!"

"నాకూ తెలీదు. నువ్వేమనుకుంటున్నావు?"

ఇంక ఆ పిల్ల అందుకునేది. వంటవాడి నుంచి వాళ్ళ నాన్న ఉద్యోగం పోవడం దాకా వెళ్ళేది. గంట కొట్టినా కదిలేది కాదు. 'వంటవాడట, వంటవాడు!' అని ఈవిడ పళ్ళు నూరేది.

ఉండబట్టలేక ఒకసారి తనూ అందరికీ అర మార్కు కోసి, మధ్యాహ్నం తలుపు బార్లా తీసి కూర్చుంది. ఒక్కరూ రాలేదు. మర్నాడు మాత్రం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "ఏంటమ్మా, కూడికలు తప్పుతున్నావట?" అంది.

అసలు మంట అంతకన్నా పాతది. మూడేళ్ళ కిందట టీచర్లు ఒకరి పాఠం ఒకరు విని మార్కులు వేయాలన్నారు. ఆవిడ నదుల పాఠానికి అందరూ పది వేశారు. చరిత్ర మాస్టారు తొమ్మిదిన్నర వేశారు. ఆ కాగితం ఇప్పటికీ ఆవిడ సొరుగులో ఉంది. ఎందుకు తగ్గించారని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

అందుకే, అర మార్కుతో తన కూతురికి మొదటి ర్యాంకు పోయిందని ఒక తండ్రి ఫిర్యాదు చేసిన రోజు ఆవిడకి లోపల్లోపల పండగైంది. హెడ్‌మిస్ట్రెస్ మాస్టారి మార్కుల రిజిస్టరు ఆవిడ చేతికిచ్చి, "నువ్వు చూసి నివేదిక రాయి. పద్ధతి తప్పని తేలితే వచ్చే ఏడాది ప్రపంచ చరిత్ర నీకే ఇస్తాను" అంది.

"అయ్యో, మాస్టారు బాధపడతారేమోనండీ!" అంటూనే రిజిస్టరు లాక్కున్నంత పని చేసింది.

తప్పులు పట్టడానికి ఎర్ర పెన్ను మూత తీసి కూర్చుంది. వచ్చి అడిగిన ప్రతివాళ్ళకీ కోసిన అర మార్కు మళ్ళీ కలిపి ఉంది. పక్కన చిన్న అక్షరాలు. "జూన్ నుంచి ఈ పిల్ల గొంతు వినడం ఇదే మొదలు." "బోర్డు కనపడటం లేదట. ముందు బెంచీకి మార్చాను. కళ్ళజోడు సంగతి వాళ్ళమ్మకి చెప్పాలి." "కొత్తగా వచ్చాడు, ఒక్కడే తింటున్నాడు. వరుసలో తన వెనకవాడితో మాట కలిసింది." ఒక పేరు దగ్గర, "ఇంకా రాలేదు. ఈసారి పూర్తి మార్కు కోయాలి." ఫిర్యాదు చేసినాయన కూతురి పేరు దగ్గర, "తండ్రి వచ్చారు. చెల్లదు. అమ్మాయే రావాలి."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. ఈ మనిషి మార్కులు కోస్తున్నది పిల్లలు వచ్చి మాట్లాడతారనా! ఇంత తెలివి తనకి రాలేదే అని మొదట కుళ్ళుకుంది. తర్వాత సొరుగులోని కాగితం గుర్తొచ్చి గతుక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పాత కాగితం పట్టుకుని వరుసలో ఆఖరున భూగోళం టీచరు నిలబడింది. ముందున్న పిల్లలు పక్కకి జరగబోతే కసిరి, తన వంతు వచ్చేదాకా ఆగింది.

"నా అర మార్కు ఎందుకు పోయింది మాస్టారూ?"

ఆయన కాగితం చూసి కళ్ళజోడు తీశారు. "మూడేళ్ళు పట్టిందా అమ్మా? కూర్చో. నువ్వు చేరినప్పట్నుంచీ తలుపేసుకుని ఒక్కదానివే తింటున్నావు. ఎలా పిలవాలో నాకు తెలీలేదు."

ఆవిడ చాలాసేపు మాట్లాడింది. గంట కొట్టినా కదల్లేదు. ఆయన కాగితం మీద అర మార్కు కలిపి సంతకం పెట్టారు. అప్పుడావిడ తన నివేదిక ఆయన ముందు పెట్టింది. 'పద్ధతి సరైనదే, మాస్టారినే కొనసాగించాలి' అని ఉంది. కింద, 'పదికి తొమ్మిదిన్నర.'

మాస్టారు ఎగిరిపడ్డారు. "అర ఎందుకు పోయింది?"

"రేపు మధ్యాహ్నం నా గదికొచ్చి అడగండి. మనిషిని పంపితే చెల్లదు."

మర్నాడు గంట కొట్టగానే ఆయన డబ్బా పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన గది ముందు వరుస కట్టాల్సిన పిల్లలంతా ఆయన వెనకాలే కట్టారు. ఆవిడ తలుపు బార్లా తీసి, ఆ వరుస ఎక్కడిదాకా ఉందో రెండుసార్లు తొంగి చూసుకుని, అప్పుడు ఆయన్ని లోపలికి రమ్మంది.