అరుగు మీద తవ్విన గుంట

మా కాలంలో బెజవాడలో అరుగు మూసి గది చేసుకోవడానికి ఎవరినీ అడిగే పని ఉండేది కాదు. మట్టి గోడలు లేపి తాటాకు కప్పుకుంటే గది అయ్యేది. యుద్ధం రోజుల్లో ఆ పద్ధతి మారింది. కొత్తగా ఏది కట్టినా మునిసిపాలిటీకి ప్లాను ఇచ్చి, వీధి వైపు మూడడుగులు వదిలి కట్టాలని దండోరా వేయించారు. నేను వాకిట్లో నూలుకి గంజి కలుపుతూ విన్నాను. మేడలు కట్టేవాళ్ళ సంగతిలే అనుకున్నాను. రెండో తరగతి దాకా చదివినదాన్ని, మా ఇంట్లో ఆ మాత్రం చదువు మరొకరికి లేదు. ఆరా తీయవలసింది నేనే. తీయలేదు.

మాది నేత ఇల్లు. వీధి వైపు అరుగు, ముందు గదిలో ఒక మగ్గం, దాని వెనక వంటగది, ఆ వెనక కాస్త దొడ్డి. ఉన్న మగ్గం మా ఆయన నేసేవారు. మరిదికి కొత్తగా పెళ్ళయింది, అతనికి మగ్గం వేయడానికి ఇంట్లో చోటు లేదు. అప్పట్లో నూలు కార్డు మీదే దొరికేది. ఇంట్లో ఎన్ని మగ్గాలు ఆడుతుంటే అంత నూలు. శ్రావణంలో మగ్గాల లెక్కకి వస్తారన్నారు. ఆలోగా రెండో మగ్గం నిలబడకపోతే ఉయ్యూరు వైపు చెరుకు తోటల్లో కూలికి పోతానన్నాడు మరిది. పార పట్టి కాయలు కాసిన వేళ్ళకి పోగు తెగినా తెలియదు. పోయినవాడు మళ్ళీ మగ్గమెక్కడని నా భయం.

మాలో గది కట్టాలంటే ముందు గుంట తవ్వుతాం. నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే గుంట అది. మగ్గం ఎక్కడో తేలాకే గోడ ఎక్కడో తేలుతుంది. అందుకని అత్తగారు మంచిరోజు చూసి, పసుపు కుంకుమ వేయించి, అరుగు మీద గుంట తవ్వించారు. మూడో రోజు మునిసిపాలిటీ ఓవర్సీరు వచ్చాడు.

"ఏంటండీ ఇది?"

"మగ్గం గుంటండి," అన్నారు మా ఆయన.

"ప్లాను ఏదీ?"

"గుంటకి ప్లానేంటండి? గోడ ఇంకా లేస్తేగా."

ఓవర్సీరు టేపు పరిచాడు. ఆరడుగుల అరుగు. "మూడడుగులు వదలాలి. మిగతా సగంలో పిల్లి పడుకుంటుంది గానీ మగ్గం పట్టదు. అరుగు అరుగుగా ఉన్నన్నాళ్ళూ నాకు పేచీ లేదు. మూశారా, కొత్త కట్టడం కింద లెక్క. నేనే వచ్చి పడగొట్టించాల్సి వస్తుంది. నామీద కోపం పెట్టుకోకండి."

మా ఆయన నాలుగుసార్లు ఆఫీసుకి తిరిగారు. తిరిగిన ప్రతిసారీ ఒక పూట నేత పోయింది. వచ్చిన జవాబు ఒక్కటే, వీధి వైపు వీల్లేదని. ఆషాఢం మబ్బులు పట్టాయి. గుంటలో నీళ్ళు నిలిస్తే నేను చెంబుతో తోడి పోసేదాన్ని. తోడినకొద్దీ నిండేది. మరిది తన బట్టలు మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. మేం చూడాలనే పెట్టాడు.

ఒక పొద్దున పొయ్యి ఊదుతుంటే తలెత్తి చూశాను. నాలుగు గోడలు, పైన కప్పు, అన్నీ పాతవే. వీటికి ఎవరూ ప్లాను అడగరు.

"అత్తయ్యా, మగ్గం ఇక్కడ పెడదాం," అన్నాను.

"పొయ్యి నీ నెత్తిన పెట్టుకుంటావటే?"

"దొడ్లో పెడతాను."

"వానొస్తే?"

"చద్దన్నం తింటాం."

ఆవిడ బెంగ పొయ్యి గురించి కాదు, పసుపు కుంకుమ వేసిన గుంట పూడ్చడం గురించి. చివరికి ఆ గుంటలో మట్టి ఒక గిన్నెడు తీయించి, వంటింట్లో తవ్విన గుంట అడుగున తన చేత్తో వేశారు. వంటింటి మట్టితో అరుగు గుంట పూడ్చాం. మరిది మూట విప్పకుండానే మగ్గం బిగించాడు.

లెక్కకి వచ్చినాయన నల్లటి కప్పు చూసి ఆగాడు. "ఇది వంటిల్లులా ఉందే?"

"వంటింట్లో బట్ట నేస్తారాండీ?" అన్నాడు మరిది, ఆడించే చెయ్యి ఆపకుండా.

పైనుంచి మసి రాలి తెల్లటి పడుగు పోగుల మీద పడింది. ఆయన అది చూశాడు, మా మొహాలు చూశాడు. కాగితంలో రెండు మగ్గాలని రాసుకున్నాడు.

వారం తిరక్కుండా ఓవర్సీరు దొడ్లోకి వచ్చాడు. అప్పటికి పొయ్యి చుట్టూ నాలుగు రాటలు పాతి, పైన తాటాకు వేసుకున్నాను. "ఇదీ కొత్త కట్టడమేనమ్మా," అన్నాడు. మా ఆయన బతిమాలబోయారు. ఓవర్సీరుకి కోపమొచ్చి లోపలికి తొంగిచూస్తే మగ్గం సంగతి ఏమవుతుందోనని నేను ముందే రాటలు పీకేశాను. పీకినవి ఆయన ఎదుటే పొయ్యిలోకి కొట్టి పెట్టాను. కట్టె వృథా చేయడం నాకు చేతకాదు.

ఆ వానాకాలమంతా ఒక చేత్తో తాటాకు గొడుగు పట్టుకుని వండాను. సాయంత్రాలు ఇంటి కప్పుకి పట్టిన మసి దులిపేదాన్ని, తెల్లారేసరికి మళ్ళీ రాలేది. మసి పడిన పోగుల్ని మరిది ఏరి తీస్తుండేవాడు. దీపావళి వెళ్ళాక ఒకరోజు చూస్తే గుమ్మం పక్కన మూట లేదు. ఎప్పుడు విప్పాడో నేను అడగలేదు.