పదిహేను రోజులు దాటిన పుండు

సిస్టరమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయి లారీ దించుతుంటే ఆమె బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మ లేస్తలేదు తమ్మీ" అన్నది. నేను బుట్ట అక్కడే దించి ఉరికాను. రాత్రి నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆమె మొఖం చూస్తే ఆ మాట నిజమే అనిపించింది. ఎక్కడా నొప్పి పడ్డట్టు లేదు.

మీలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దిక్కు ఉండేవాళ్లకు పేరు చెప్తే ఆమె తెలియకపోవచ్చు. నోరు చూసే సిస్టరమ్మ అంటే తెలుస్తుంది. సర్కారు దవాఖానలో, పళ్ల డాక్టర్ల దగ్గర ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. పుట్టింది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊళ్లో. రిటైరయ్యాక ఎల్బీనగర్‌లో మా గల్లీలోకి వచ్చింది. మేం నల్లగొండ దిక్కు నుంచి వచ్చి కిరాయికి ఉంటున్న ఇంటికి ఎదురిల్లే ఆమెది.

ఆమె సంచిలో రెండు వస్తువులు ఎప్పుడూ ఉండేవి. టార్చి ఉన్న చిన్న సెల్‌ఫోను, రుమాలులో చుట్టిన స్టీలు చెంచా. ఎవరైనా నోట్లో ఏదో అయిందంటే చాలు, ఎండలో నిలబెట్టి, చెంచాతో దవడ పక్కకు జరిపి చూసేది. పెళ్లిళ్లలో కూడా వదిలేది కాదు. మా అమ్మ ఒకసారి కొంగు అడ్డం పెట్టుకుని, పెండ్లికొచ్చినవా, పళ్లు చూడనీకొచ్చినవా అని మొఖం మీదే అడిగింది. ఆమె నవ్వి, రెండిటికీ వచ్చిన అన్నది.

ఆమె చూసినవన్నీ భయపెట్టేవేమీ కావు. మా గల్లీ వాచ్‌మన్ తాతకు అంగిట్లో పెరుగు పూసినట్టు తెల్లగా వచ్చింది. చెంచా అంచుతో గీస్తే ఊడింది. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడుక్కోమని, షుగర్ పరీక్ష చేయించుకోమని చెప్పింది. తాతకు షుగర్ ఉన్నట్టు ఆ పరీక్షలోనే తెలిసింది. నాతో బుట్టలు మోసే ఒకడికి కింది పెదవి లోపల నీటి బుగ్గ లేచింది. పళ్లతో పెదవి కొరుక్కునే అలవాటు వాడిది. దాన్ని సూదితో పొడవకు, డాక్టరుకు చూపియ్ అన్నది. గీస్తే ఊడని తెల్ల మచ్చ కనపడితే మాత్రం, ఎర్ర మచ్చ కనపడితే మాత్రం ఆమె మాట తగ్గిపోయేది. వెంటనే డాక్టరు దగ్గరికి పంపేది.

తప్పు పడ్డ సంగతి కూడా దాచుకునేది కాదు. మా మార్కెట్ కమిషన్ సేటుకు అంగిలి నడుమ గట్టి బొడిపె చూసి, కొత్తల్లో ఆయన్ను పరేషాన్ చేసి దవాఖానకు తోలింది. అది కొందరికి సహజంగా ఉబికే ఎముకేనని డాక్టర్లు నవ్వి పంపారు. సేటు తిరిగొచ్చి గల్లీలో అందరి ముందు అరిచాడు. ఆమె తలవంచుకుని విని, పోయి నవ్వించుకుని వచ్చినవ్ సేటూ, అంతకంటె మంచి కబురు ఏముంటది అన్నది.

ఇక నా సంగతి. నేను ఎనిమిదితో బడి మానేశాను. ఒక దగ్గర నిలవడం నాకు రాదు. గ్యారేజీ, పాల వ్యాను, మేస్త్రీ పని అన్నీ చేసి చివరికి మార్కెట్లో పడ్డాను. అక్కడ వేలం పాడీ పాడీ గొంతు పెద్దదైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చినప్పుడు ఆ గొంతే నన్ను దిల్‌సుఖ్‌నగర్ శిబిరానికి తీసుకుపోయింది. రోడ్డు పక్క శామియానా కింద రోజుకు పదిమంది చొప్పున పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిరాహార దీక్షలో కూర్చునేవాళ్లం. నినాదం ఎత్తుకునే పని నాది. జీవితంలో మొదటిసారి ఒక పని నాకోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవాళ్లు. అది ఇవ్వడానికి పెద్దమనుషులు వస్తారు, ఫోటోలు దిగుతారు. సిస్టరమ్మ మాత్రం వారానికి రెండు మూడుసార్లు ఇంటి నుంచి నిమ్మకాయలు తెచ్చుకుని, తనే పిండి, తనే గ్లాసులు పంచేది. చక్కెర వేయనిచ్చేది కాదు. మా మీద ప్రేమ గని చక్కెర మీద పీనాసి అని మేం వెనక నవ్వుకునేవాళ్లం. గ్లాసు చేతికిచ్చి ముందుకు పోకుండా, తాగేదాకా ఎదురుగా నిలబడేది.

ఒకరోజు నేను తాగి గ్లాసు తిరిగిస్తే పట్టుకోలేదు.

"ఎడమదిక్కు ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే సిస్టరమ్మా."

"పోయిన నెల గూడ గిట్లనే కుడిదిక్కు వంచి మింగినవ్. నాలుక చాపు."

చక్కెర ఎందుకు వేయనిచ్చేది కాదో అప్పుడు తెలిసింది. పచ్చి నిమ్మరసం నోట్లో పుండు ఎక్కడుంటే అక్కడ చురుక్కుమంటుంది. పదిమంది మొఖాల్లో ఎవరిది వంకర పోతుందో ఆమె చూసేది. పుండుందని నోటితో చెప్పని మొగోళ్ల కోసం ఆమె పెట్టుకున్న పద్ధతి అది.

నేను నాలుక చాపలేదు. నాలుగు రోజుల కిందట వచ్చింది, వేడి చేసింది అని అబద్ధం చెప్పాను. నిజానికి నెల దాటింది. నాలుక ఎడమ అంచున, విరిగిన దవడ పన్ను తగిలేచోట ఉండేది. వేడి చేసిందని ఇంట్లో అందరూ అన్నారు. ఎండలో కూర్చోవడం, కడుపు మాడ్చుకోవడం, అరవడం, వేడి చేయక ఏం చేస్తుంది? అమ్మ సబ్జా నీళ్లు తాగించింది. మెడికల్ షాపాయన ఎర్ర గోళీలు, రాసుకునే జెల్ ఇచ్చాడు. జెల్ రాస్తే నాలుక మొద్దుబారేది. మొద్దుబారితే తగ్గిందనుకుని మళ్లీ గుట్కా పొట్లం చింపేవాణ్ని.

మరునాడు పొద్దున్నే ఆమె మార్కెట్‌కు వచ్చింది. బత్తాయి రాశి ముందు కూర్చుని, మచ్చలున్న కాయ ఒకటి తీసి, ఇది కొనొచ్చా అని అడిగింది. మంగు పట్టిన కాయ, తోలు మీదనే మచ్చ, లోపల రసం మంచిగుంటుంది అన్నాను. ఇంకోటి తీసింది. వేలితో నొక్కి, మెత్తబడ్డది, లోపల కుళ్లింది, వద్దు అన్నాను.

"చూసి చెప్పినవా, నొక్కి చెప్పినవా?"

"నొక్కి."

"నోరు గూడ అంతే. జర ఉల్టా. నీ కాయ మెత్తగైతే చెడ్డది, నోట్ల పుండు అంచు గట్టిగైతే చెడ్డది. చెయ్యి కడుక్కొని నొక్కి చూసుకో. నాకు చెప్పకు."

ఆమె వెళ్లిపోయింది. నేను కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుని నాలుక అంచు పట్టుకుని చూశాను. లోపల బత్తాయి గింజ ఉన్నట్టు తగిలింది. పులుపు తగిలితే తప్ప నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు ఊరటగా ఉండేది అంతవరకు. కానీ ఆమె మాట ఒకటి మా గల్లీ అంతా విన్నదే. నొప్పి ఉన్న పుండు చుట్టం లెక్క, వచ్చి పోతది. నొప్పి లేని పుండు మొండి కిరాయిదారు, ఖాళీ చెయ్యడు. ఆ మధ్యాహ్నం నేను బుట్ట మొయ్యలేకపోయాను.

ఆమె తొందరపడలేదు. ముందు కొత్తపేటలో ఒక పళ్ల డాక్టరు దగ్గర విరిగిన పన్ను అంచు నున్నగా చేయించింది. పన్ను గీరుకుని అయిన పుండైతే అది మానాలి. క్యాలెండరు మీద పదిహేను రోజులకు గీత పెట్టింది. గుట్కా బంద్ చేయించింది. పదిహేనో రోజు టార్చి వేసి చూసి, ఆర్పేసి, పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేయించాలి, గురువారం పోదాం అన్నది.

ఆ గురువారమే దిల్‌సుఖ్‌నగర్‌లో రాస్తారోకో. బస్సులు అప్పటికే బంద్. మైకు నాది. నేను రాను, పారిపోయిండు అంటరు అన్నాను. అది సగం నిజం. మిగతా సగం భయం. నాలుక కోస్తారని. మా ఊళ్లో ఒకాయన అట్లా కోసుకుని వచ్చి మూగసైగలతో చచ్చాడని నాకు తెలుసు.

ఆమె గొంతు పెంచలేదు. "రాష్ట్రం రేపొస్తదో ఎల్లుండొస్తదో, రాక మానదు. వచ్చిననాడు జై కొట్టనీకె నాలుక ఉండాలె గద బిడ్డా."

గురువారం ఎల్బీనగర్ నుంచి నడిచాం. కొత్తపేట దాటేసరికే నినాదాలు వినపడ్డాయి. నేను కాక వేరెవరో ఎత్తుకుంటున్నారు, తాళం తప్పుతోంది. తల వంచుకుని ఫుట్‌పాత్ మీద నుంచి పోదామనుకున్నాను. ఆటో నడిపే దోస్తు ఒకడు చూడనే చూశాడు. మైకులోనే అన్నాడు, "ఏందిరా, గొంతు పెద్దగుంటది గని గుండె చిన్నగున్నదా?"

అందరూ నవ్వారు. నా కాళ్లు వాళ్ల దిక్కే తిరిగాయి. ఆమె నా చెయ్యి పట్టుకుంది, పట్టుకునే రోడ్డు నడుమకు నడిచింది. వాడి చేతిలో మైకు అందుకుంది. ఉపన్యాసం ఇవ్వడం ఆమెకు రాదు. వార్డులో పేషెంట్లను పిలిచే గొంతుతో చెప్పింది.

"ఈ పిల్లగాడు పారిపోతలేడు. నాలుక మీద పుండు మానుతలేదు, చూపియ్యనీకె పోతుండు. మీల ఎవరికన్న పదిహేను దినాలు దాటిన పుండు గని, మచ్చ గని, గడ్డ గని ఉంటే లేచి నా ఎంబడి రండి. మిగిలినోళ్లు కూసోండి, మీ పని మీరు చెయ్యండి."

నా రోగం నాలుగు దిక్కులా చెప్పినందుకు నాకు ఒళ్లు మండింది. ఆమె చెయ్యి విదిలించుకోబోయాను. అప్పుడే ఆ ఆటో దోస్తు దవడ మీద చెయ్యి పెట్టుకుని, ఎవరి మొఖమూ చూడకుండా, మా దిక్కు వచ్చి నిలబడ్డాడు. ఇక ఎవరూ నవ్వలేదు. శిబిరం నడిపే రిటైర్డ్ సారు లేచి మాకు దారి ఇప్పించాడు. ముగ్గురం మలక్‌పేట దాకా నడిచాం. దారంతా వాడు దవడ మీద చెయ్యి తియ్యలేదు, నేను తల ఎత్తలేదు. ఆమె మాత్రం రోడ్డు పక్క మక్కకంకులు కాలుస్తుంటే ఆగి బేరం చేసింది. మలక్‌పేట దాటాక ఒక ఆటో దొరికింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజుల తర్వాత కోస్తా దిక్కు డాక్టరుగారు కాగితం చూసి, "ఇంకా క్యాన్సర్ అవ్వలేదు బాబూ. అటు వెళ్లే దారిలో ఉంది. ఇప్పుడే తీసేస్తే సరిపోతుంది" అన్నారు. నేను ఆమె దిక్కు చూశాను. ఆమె సంచిలోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. దోస్తుకు దవడ లోపల తెల్ల మచ్చ. గుట్కా మానేసి, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు.

నాలుక అంచున చిన్న ముక్క తీసి కుట్లు వేశారు. రెండు నెలలు "ర" పలకలేకపోయాను. శిబిరంలో నినాదాలు దోస్తు ఎత్తుకునేవాడు, నేను నిమ్మకాయలు పిండేవాణ్ని.

తర్వాత ప్రతి ఆదివారం ఆమె నాలుక చూసేది. గుట్కా రెండుసార్లు మళ్లీ ముట్టుకున్నాను. నేను చెప్పకముందే కనిపెట్టింది. రెండోసారి నేను సిగ్గుతో మూడు వారాలు ఆమెకు తలుపు తియ్యలేదు. నాలుగో ఆదివారం తనే చెంచా పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి, నువ్వు సిగ్గుపడుకుంట ఇంట్ల కూసుంటే పుండు గూడ కూసుంటదారా అన్నది. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు. ముట్టను.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను తీసుకుపోయాం. కొడుకులు లేరు. నేను, దోస్తు, ఇంకా ఆమెకు నోరు చూపించుకున్నవాళ్లు భుజం పట్టాం. సగం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె కిందికి దించారు. పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిస్తే, ప్రాణం ఇంకా పోకుంటే లేస్తారని ఆశ. పిలవాల్సింది సొంతవాళ్లు. ఆమె బిడ్డ వంగి పిలవబోయింది, గొంతు రాలేదు. నా దిక్కు చూసి, నువ్వే పిలువు తమ్మీ అన్నది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. తెల్ల గుడ్డతో ఆమె గదవ కట్టి ఉంది. చెవి దగ్గరికి వంగి సిస్టరమ్మా అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. మూడోసారి మార్కెట్లో వేలం పాడేంత గట్టిగా పిలిచాను. "ర" ఎక్కడా తడబడలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

ఆమె లేవలేదు. నేను కూడా కాసేపు లేవలేదు. భుజాల మీద తువ్వాళ్లు వేసుకుని, ఎండలో చెమటలు కారుతూ, వాళ్లంతా నిలబడే ఉన్నారు. నేను లేచేదాకా ఒక్కరూ పాడె మీద చెయ్యి వేయలేదు.