సఖీర్‌లో బగ్గీ ఎక్కిన రోజు

నేను బహ్రెయిన్ వెళ్లింది ఒక్క పనిమీదే. మా ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి. మా ఊరివాళ్ల లెక్కలో నేను పోయింది దుబాయికే, వాళ్లకు గల్ఫంతా దుబాయే. ఆయన అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రైవరు. మా పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు, మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఎప్పుడు రమ్మన్నా ఒకటే మాట, "కంపెనీ ఇడుస్తలేదు." ఆ కంపెనీ సంగతేమిటో నేనే తేల్చుకుంటానని విజిట్ వీసా మీద బయలుదేరాను.

పనివాళ్లుండే కంపెనీ క్యాంపులో ఆడవాళ్లను ఉండనివ్వరు కాబట్టి రిఫాలో తెలిసినవాళ్ల ఇంట్లో ఒక గది మాట్లాడి పెట్టాడు. నేను మాట ఎత్తబోయినప్పుడల్లా ఏదో ఒకటి చూపిస్తానని లేచేవాడు. అలా ఒక శుక్రవారం పొద్దున్నే సఖీర్ ఎడారికి తీసుకుపోయాడు. అక్కడొక రేకుల షెడ్డు, దాని ముందు వరసగా ఇసుకలో నడిపే బగ్గీ బండ్లు. అద్దాల్లేవు, తలుపుల్లేవు, అన్నీ ఇనుప గొట్టాలే. ఒక్కొక్కటి చక్రాలు బిగించిన కోళ్లగంపలా ఉంది.

"దీంట్ల కూసుండి ఎక్కడికి పోవాలె?" అన్నాను.

"ఎక్కడికి లేదు. ఉత్తగ తిరుగుడే."

అద్దె కట్టి, తలకు హెల్మెట్, కళ్లకు పెద్ద అద్దాలు పెట్టుకుని, ఎంతో దూరం ఎగిరెగిరి పడి, చివరికి బయలుదేరిన చోటికే రావడమేమిటో నాకు బోధపడలేదు. అడిగితే పల్లెటూరిదాన్నని నవ్వుతాడేమోనని ఊరుకున్నాను.

పైగా తిన్నగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా ఊళ్లో స్కూటీ నేనే నడుపుతాను, ఆయన వెనక కూర్చుంటాడు. మా వీధుల్లో గుంతలెక్కడున్నాయో ఆయనకేం తెలుసు? ఆ అలవాటే ఇక్కడా లాక్కుపోయింది. షెడ్డులోని పాకిస్తానీ మనిషి పగలబడి నవ్వి, "భాభీ, ఈ ఒక్కరోజు భాయ్‌ని నడపనియ్యి" అని హిందీలో అన్నాడు. ముఖం మాడ్చుకుని పక్క సీటులోకి జరిగాను.

పుస్తెలతాడు జాకెట్లోకి తోసుకుని, రెండు భుజాల మీదుగా బెల్టులు బిగించుకున్నాక బండి కదిలింది. కదలడమా అది! పక్కనున్న ఇనుప గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. రోడ్డు లేదు, ఎటు చూసినా ఒకటే రంగు మట్టి. ఎక్కడ తిరగాలో ఈయనకెలా తెలుస్తోందో దేవుడికే ఎరుక. కుడివైపు పైపులైను ఒకటి కనిపించింది, కాసేపటికి ఎడమవైపు కనిపించింది. అదేనా, ఇంకొకటా? అడుగుదామని ఆయనవైపు తిరిగాను.

ఆయన అరుస్తున్నాడు. భయంతో కాదు, సంతోషంతో. మిట్ట ఎక్కి దిగినప్పుడల్లా "యల్లా!" అని, పద పదమన్నట్టు అరబ్బీలో కేకపెట్టి, నోట్లో ఇసుక పడుతున్నా నవ్వుతున్నాడు. మా ఇంట్లో ఈ మనిషి గొంతు పక్కగదిలోకి వినిపించదు. టీవీలో వార్తలు పెట్టాలన్నా కూతుర్ని అడిగి పెడతాడు. ఆ మనిషి ఈయనేనా? నాకు ఒళ్లు మండింది, ముచ్చట కూడా వేసింది, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను. ఇంత సంతోషంగా ఉన్నవాణ్ణి ఏ ముఖం పెట్టుకుని రమ్మనాలి? రమ్మనకుండా ఏ ముఖం పెట్టుకుని తిరిగి వెళ్లాలి?

ఒక మిట్ట మీద బండి ఆపాడు. ఇంజను ఆగినా చెవుల్లో మోత ఆగలేదు. ఇక ఉండబట్టలేక అనేశాను.

"ఇగ సాలు. ఇంటికి రా. మీ కంపెనీతోని నేను మాట్లాడుత."

ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కంపెనీ ఎన్నడో ఇడిసింది. అగ్రిమెంటు అయిపోయినప్పుడల్లా ఇంకో రెండేండ్లు ఉంటనని నేనే అంటున్న."

ఇన్నేళ్లూ ఆ కంపెనీని తిట్టిన తిట్లన్నీ ఏమైపోయినట్టు? ఇక్కడ ఎవరైనా ఉన్నారేమోనని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. అదే అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"ఎవ్వరు లేరు. ఇంటికొస్తే నన్ను సుట్టం లెక్క జూస్తరు. కూర ముందుగాల నాకే ఏస్తరు. ఏదన్న పని పట్టుకుంటే, నీకెందుకు ఉండనీ అంటరు. వారం దాటంగనే, మల్ల ఎప్పుడు పోతవని తొవ్వల కనపడ్డోళ్లంత అడుగుతరు. ఆఖరికి బిడ్డ గూడ."

నిజమే, అడుగుతారు. అది ప్రేమతో అడిగే మాట అనుకున్నాను. కూర ముందు వడ్డించడమూ ప్రేమే కదా, అందులో తప్పేముంది? ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, జాలి పడాలో, మా ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి తిట్టాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఇసుక పడకుండా పెట్టుకున్న ఆ కళ్లద్దాలతో ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

"ఎవలడుగుతరో నేను జూస్త. నువ్వు రా. వచ్చి మన ఇంట్ల ఉండు."

ఆయన స్టీరింగు మీది దుమ్మును అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. ముఖం చూస్తే ఒప్పుకున్నట్టే ఉంది. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు, ఎప్పుడూ ఫోన్లో మాట్లాడే ఆ మెల్లని గొంతుతోనే అడిగాడు.

"ఎన్ని దినాలుండాలె?"