యుస్తీనా కొట్టేసిన పొద

యుస్తీనాకు పెళ్ళి కాలేదు. తల్లి మంచాన పడితే తొమ్మిదేళ్ళు, తండ్రికి చూపు పోతే ఆరేళ్ళు చాకిరీ చేసింది. ఈలోగా అడిగేవాళ్ళు అడగడం మానేశారు. మా మెన్నోనైట్ క్రైస్తవుల్లో ఆడపిల్లకూ సమానంగా వాటా వస్తుంది. కానీ ఆమె వాటా అమ్మానాన్నల మందులకే కరిగిపోయింది. పొలం తమ్ముడు బెర్న్‌హార్డ్‌ది అయింది. పొలం చివర రెండు గదుల ఇల్లు, దాని పక్కన మూడు చెట్లు, వాటిని చూసుకుంటూ యుస్తీనా. కెనడాలోని మానిటోబాలో మా ఊరివాళ్ళకు ఆమె అంటే ఆ చెట్లే.

చెర్రీనీ ప్లమ్‌నూ కలిపి పుట్టించిన జాతి అది. పండు చెర్రీ కన్నా పెద్దది, ప్లమ్ కన్నా చిన్నది. తోలు నల్లటి ఎరుపు, లోపలి గుజ్జు ఊదా రంగు. ఆగస్టు ఆఖరున ముట్టుకుంటే చేతిలోకి రాలుతుంది. నాలుగు రోజులు ఆగితే పులిసిపోతుంది. అందుకని ఆ వారమంతా యుస్తీనా పొయ్యి ఆరేది కాదు. బెర్న్‌హార్డ్ ఇంట్లో పదకొండుమంది పిల్లలు. చలికాలం పొడుగునా ఆదివారం చల్లటి పళ్ళ పులుసు లేకపోతే ఆ ఇంట్లో భోజనమే కాదు. తండ్రి పోయిన ఏడాది బెర్న్‌హార్డ్ చర్చి పెద్దల ముందే చెప్పాడు: "చెట్లు కాసినన్నాళ్ళు ఆ ఇంట్లో ఉండక్కా. ఏటా మా ఇంటికి పన్నెండు బకెట్లు. కాపు ఆగిందా, అక్కడ బార్లీ చల్లుకుంటాను." ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. అదే అతనిలో మంచి, అదే అతనిలో చెడ్డ.

ఇక నా పాపం. మా ఊళ్ళో శనివారం సాయంత్రానికి ప్రతి వాకిలీ దంతెతో గీసి ఉండాలి, చెట్ల మొదళ్ళకు సున్నం పూసి ఉండాలి. ఆదివారం కాఫీకి ఎవరు ఎవరింటికి వస్తారో తెలియదు, చెప్పి రావడం మాలో లేదు. పొరుగుదాన్నే కదా, ఒక ఆదివారం నేను యుస్తీనా ఇంటికి వెళ్ళాను. ఆ చెట్ల పక్కన కంచె వారన ఒక పొద ఉండేది. ఇసుక దిబ్బల మీద పెరిగే అడవి చెర్రీ. మోకాలెత్తు, నేలంతా పాకేది, నోరు పిడచగట్టే నల్లటి కాయలు. పిట్టలు తప్ప ఎవరూ తినరు. కాఫీలో బన్ను ముంచుకుంటూ నేనన్నాను:

"ఏమేవ్, ఇంత శుభ్రంగా వాకిలి గీసుకున్నావు, అదేంటే అక్కడ, దువ్వని తలలాగ?"

"నాన్న ఉన్నప్పటి నుంచీ ఉంది నేతక్కా."

"మీ నాన్నకు చూపు లేదు. నీకేమైంది?"

ఆమె నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. తరువాతి శనివారానికి ఆ పొద వేళ్ళతో సహా లేచిపోయింది, కాల్చిన బూడిద కూడా ఊడ్చేసింది. నేను మెచ్చుకున్నాను.

మరుసటి మే నెలలో మూడు చెట్లూ తెల్లగా పూశాయి. ఒక్క పిందె నిలవలేదు. మంచు కొట్టిందన్నాం. ఆ పై ఏడూ అంతే. యుస్తీనా పేడ వేసింది, కొమ్మలు కత్తిరించింది, మోకాళ్ళ మీద ప్రార్థించింది. బెర్న్‌హార్డ్ కంచె అవతలే ట్రాక్టరు ఆపి అన్నాడు:

"రెండేళ్ళు ఊరుకున్నాను. మా పెద్దాడికి పెళ్ళి కుదిరింది, వాడికి ఇల్లు కావాలి. ఈ ఏడు కాయకపోతే నేను మళ్ళీ చెప్పను."

మూడో ఏడు పూలు విచ్చిన రెండో రోజున, మొక్కలు అమ్మే ముసలి హైన్‌రిక్‌ను నేనే పట్టుకొచ్చాను. చెట్ల చుట్టూ తిరిగి అడిగాడు, "దీని జత ఏదమ్మా?"

"జతేమిటి?"

"ఇది తన పుప్పొడితో తాను కాయదు. అడవి చెర్రీ ఒకటి పక్కనుండాలి. ఇన్నాళ్ళు కాసిందంటే ఉండే ఉంటుంది."

యుస్తీనా నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే మా ట్రక్కు తీసుకుని పది మైళ్ళ అవతల ఇసుక దిబ్బలకు వెళ్ళాం. పూసిన కొమ్మలు చేతులు గీరుకుపోయేలా కోసుకొచ్చాం. బకెట్లలో నీళ్ళు పోసి, కొమ్మలు నిలబెట్టి చెట్లకు కట్టాం. ఇక తేనెటీగలు రావాలి. వాటికి బదులు ఉత్తరపు గాలి వచ్చింది. మూడు రోజులు ఈగ కూడా ఎగరలేదు.

"అక్కా, కోడి ఈక తే," అంది యుస్తీనా.

ఈకతో అడవి పువ్వును తుడవడం, చెట్టు పువ్వుకు అద్దడం. ఒక్కొక్క పువ్వూ. వేళ్ళు మొద్దుబారేవి. నేను గంటకోసారి లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని, ఆమె రాలేదు. మధ్య చెట్టు సగమైనా కాకముందే రేకలు రాలడం మొదలైంది. రాలుతున్న పువ్వుకు కూడా ఈక ఆనిస్తూనే ఉంది.

"ఇక చాలు, వదిలెయ్యవే," అన్నాను.

"ఎక్కడికి పోవాలక్కా నేను?" అంది, ఈక ఆపకుండానే.

ఆగస్టులో మధ్య చెట్టుకు ఒక పక్క పళ్ళు నిలిచాయి. కొమ్మ కింద దుప్పటి పరిచి, రాలినవీ ఏరి, పిట్ట పొడిచినవీ ఏరి అన్నీ కలిపితే రెండు బకెట్లు. మిగతా రెండు చెట్లూ గొడ్డుపోయాయి. బెర్న్‌హార్డ్ వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

జన్మలో ఎవరి ముందూ తల వంచనిదాన్ని, వంచాను. "ఆ పొద కొట్టించింది నా నోరయ్యా. తిట్టదలిస్తే నన్ను తిట్టు. దిబ్బల నుంచి మొక్క తవ్వి తెస్తాం, మూడేళ్ళలో పూస్తుంది."

"నీ నోటి సంగతి కొత్తగా చెప్పాలా నేతక్కా," అన్నాడు. "మూడేళ్ళు మావాడి పెళ్ళి ఆపమంటావా? పన్నెండు అన్నాను, రెండున్నాయి. పెద్దల ముందు అన్న మాట."

"తీసుకెళ్ళరా," అంది యుస్తీనా. "మీ ఆవిడతో చెప్పు, తోలు చేదుగా ఉంటుంది, ముందు ఉడికించి వార్చమను."

అతను రెండు బకెట్లూ పట్టుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఖాళీ కొమ్మల కింద నిలబడ్డాం.

"మా ఇంట్లో వెనక గది ఉంది," అన్నాను.

"నీ ఇంట్లో, నీ నోటి కిందా?" అంది. మొదటిసారి గొంతు పెంచింది. "నా ఇల్లు పోగొట్టిందే అది."

వారం తరువాత మంచం, పెట్టె, దుప్పట్లు మా బండి మీద మా ఇంటికే తెచ్చుకుంది. వేరే గది ఇచ్చేవాళ్ళు ఊళ్ళో లేరు. వంటింట్లో కూర్చుని షరతు పెట్టింది: "నేను కాఫీ తాగేటప్పుడు నువ్వు మాట్లాడకు."

ఆమె కాఫీ చాలా నెమ్మదిగా తాగుతుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే బెర్న్‌హార్డ్ ట్రాక్టరు ఆ చెట్ల వైపే వెళ్తోంది. చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను.