రానివాళ్ళ ఓటు

మా ఫ్యాక్టరీ యజమానిని నేను రెండేసార్లు చూశాను, రెండుసార్లూ క్యాంటీన్ టీవీలోనే. అమెరికా మనిషి. మా అత్త వయసులో ఉండగా రబ్బరు తోటలో పాలు గీసింది గనుక ఆమెకు డబ్బున్న తెల్లవాడు ఎవడైనా దొరే. ఆ మాట మా ఇంట్లో అందరి నోటికీ అంటుకుంది. మొదటిసారి దొర కనపడినప్పుడు అక్కడ ఎన్నికలు. పోటీ చేస్తున్న పెద్దమనిషి పక్కన, భుజం తగిలేటంత దగ్గర్లో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఆ పార్టీకి డబ్బు పోసినవాళ్ళలో మన యజమాని కూడా ఉన్నాడని మా సూపర్‌వైజరు చెప్పాడు, తన సొంత మేనమామ అయినట్టు. నేను నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పొట్లం విప్పుతూ, ఆ డబ్బు ఏ చేతులు సంపాదించాయో కూడా టీవీవాడు చూపిస్తే బాగుండేదన్నాను.

మలేషియాలోని సుంగై పెటానిలో ఆ ఫ్యాక్టరీ. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు చేసేవాళ్ళం. నా పని, మా వదిన పని ఒకటే: మైక్రోస్కోపు కింద ఒక్కో గొట్టాన్నీ పెట్టి, ఎక్కడైనా గీతో పగులో ఉందేమో చూడటం. పన్నెండు గంటల షిఫ్టు. వదిన అంటే మా ఆయన అక్క. భర్త పోయాక మాతోనే ఉండేది. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆమే. ఆ రోజుల్లో కంపెనీవాళ్ళే మీ చుట్టాలుంటే తీసుకురండి అనేవారు. ఆ లెక్కన మా లైనులో మా ఇంటివాళ్ళం, దగ్గరి చుట్టాలం కలిసి ఎనిమిది మంది ఆడవాళ్ళమయ్యాం.

ఏడాదికోసారి కంటి పరీక్ష. తప్పితే ప్యాకింగుకు పంపేవాళ్ళు, జీతం తగ్గేది. ప్యాకింగు నుంచి ఇంటికి ఎక్కువ దూరం లేదు, అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ అద్దంలోకి వంగి వంగి వదిన కళ్ళు మసకబారడం మొదలైంది. ఒక ఏడాది నేను వరసలో ఆమెకన్నా ముందే వెళ్ళి, గోడ మీది అక్షరాలన్నీ బట్టీపట్టి బయటికొచ్చి, ఆమె చెవిలో వేశాను. తర్వాతి ఏడాదికి ఆమెకు నా అవసరం కూడా లేదు. బియ్యం కడుగుతూ, జడ వేసుకుంటూ ఆ అక్షరాలు పై వరస నుంచి కింది వరసకు చదువుకునేది. ఏ దేవుడి పాటా ఆమె అంత శ్రద్ధగా నేర్చుకోలేదు. పరీక్ష గెలిచేది. కానీ గొట్టంలో పగులు గోడ మీది అక్షరం లాగా ఎప్పుడూ ఒకచోటే ఉండదు కదా. ఆమె ట్రేలో సగం నేనే చూసిపెట్టేదాన్ని.

నేను యూనియన్‌లోకి దిగింది అందుకే. సిద్ధాంతాలు నాకు తెలియవు. కంపెనీ పనిలో పోయిన కళ్ళకు కంపెనీయే పూచీ పడాలి, అదే జీతానికి వేరే పని చూపించాలి, ఆ మాట కాగితం మీద ఉండాలి. నాకు కావలసింది అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన దెప్పేవాడు. కందకు దురద ఉందో లేదో మీ అక్కనే అడుగు అన్నాను. కమిటీ మా ఇంట్లోనే కూర్చునేది. మా కార్యదర్శి మలాయ్ మనిషి, నిదానస్తుడు. అత్త గొణుక్కుంటూనే అందరికీ టీ పెట్టేది, అతనికి మాత్రం చక్కెర ఎక్కువ.

అమెరికాలో అదే కంపెనీకి ఇంకో ఫ్యాక్టరీ ఉందని, అక్కడ ఎప్పటినుంచో యూనియన్ ఉందని తెలిసి కార్యదర్శి వాళ్ళకు ఉత్తరం రాశాడు. జవాబు వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది, ఫోటోతో సహా. నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్ద వయసు ఆవిడ, మా మైక్రోస్కోపే, మా స్టూలే. స్టూలు కింద కాళ్ళు పెట్టుకునే కమ్మీ మడమలు కోసేస్తుందని మేము గుడ్డ చుట్టేవాళ్ళం. ఆవిడా చుట్టింది! మీ వెనక మేమున్నామని రాశారు. ఆ ఫోటోను నా లాకర్ తలుపు లోపల అంటించాను. షిఫ్టు మొదలయ్యే ముందు ఆవిడను ఒకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉండేది, ఎందుకో చెప్పలేను.

కంపెనీ యూనియన్‌ను ఒప్పుకోనంది. అప్పుడు ప్రభుత్వ అధికారులు వచ్చి రహస్యంగా ఓటు పెట్టిస్తారు. క్యాంటీన్‌లోనే, పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఫ్యాక్టరీ పాస్ చూపించాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ అప్పటి రూలు ఏమిటంటే, జాబితాలో ఉన్న మొత్తం మందిలో సగానికి పైగా మాకు పడాలి. రాకుండా ఇంట్లో కూర్చున్నవాడు కూడా లెక్కలో ఉంటాడు, అంటే మాకు వ్యతిరేకం కింద లెక్క. "రానివాడి ఓటు దొరకి పడినట్టే" అని నేను బస్సులో, బాత్‌రూమ్ దగ్గర, పెళ్ళిళ్ళలో కనపడినవాళ్ళకల్లా చెప్పాను. అందరికన్నా ఎక్కువగా మా లైనులోని మిగతా ఏడుగురికీ చెప్పాను. వాళ్ళు విసుక్కునేదాకా చెప్పాను.

ఓటు రోజు తెల్లవారకముందే మా అత్త పోయింది.

నెలల తరబడి మంచంలో ఉంది, ఊహించనిది కాదు. కానీ ఆ రోజేనా! ఏడయ్యేసరికి వీధిలో టెంటు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు దింపారు, డప్పులవాళ్ళు వచ్చారు. హాల్లో అత్తను పడుకోబెట్టారు. మా లైనులోని మిగతావాళ్ళూ వచ్చారు, ఎనిమిది మందిమీ అత్త చుట్టూ చాపల మీద కూర్చున్నాం. పన్నెండుకల్లా ఎత్తేస్తారన్నారు. ఎత్తేశాక స్నానం చేసి, ఎవరి బండి దొరికితే ఆ బండి మీద ఫ్యాక్టరీకి పోతే పది నిమిషాలు. సరిపోతుందని లోపల లోపల లెక్క వేసుకున్నాను. అత్త దగ్గర కూర్చుని ఆ లెక్క వేసుకుంటున్నందుకు సిగ్గు కూడా పడ్డాను.

మా మరిది దేశానికి అటు చివరనున్న జొహోర్ నుంచి రావాలి. చిన్నకొడుకు చూడకుండా ఎలా ఎత్తుతారు? హైవే మీద లారీ బోల్తాపడి దారి ఆగిపోయిందని పదకొండుకు ఫోను. పన్నెండు పోయింది. ఒంటిగంట పోయింది. నా నడుం దగ్గర ఫోను మోగకుండా కొట్టుకుంటూనే ఉంది, కార్యదర్శి అని తెలుసు, తియ్యలేదు. శవం ఇంట్లో ఉండగా కోడలు గడప దాటకూడదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, నేను అడగలేదు. దొరకు భయపడనిదాన్ని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ముసలమ్మలకు భయపడ్డాను. అత్త శవాన్ని పెట్టుకుని ఓటుకు పరిగెత్తిన కోడలన్న మాట నా మనవలదాకా వస్తుందని భయపడ్డాను. ఉన్నమాట అది. ఎదురుగా వదిన, తల్లి పాదం మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను ఒకటి రెండుసార్లు ఆమె వైపు చూశాను. ఆమె కూడా చూసింది. కన్నకూతురు, ఆమెను ఏమని అడగను అనుకుని తల దించేసుకున్నాను.

మరిది మూడున్నరకు వచ్చాడు. స్నానం, పసుపు, నోట్లో బియ్యం, ఏడుపులు. ఎత్తేసరికి నాలుగుంపావు దాటింది. ఆడవాళ్ళం వీధి మలుపుదాకా నడిచి వెనక్కి తిరిగాం. ఇల్లు కడిగాం. తల మీద నీళ్ళు పోసుకుని బయటికొచ్చి గడియారం చూస్తే అయిదున్నర.

ఆరు ఓట్లు తక్కువయ్యాయి. మేము ఎనిమిది మందిమి.

కార్యదర్శి మర్నాడు పరామర్శకు వచ్చాడు. ఓటు ఊసే ఎత్తలేదు. అంత చక్కెర వేసి ఇంకెవరిస్తారు టీ అన్నాడు, అంతే. నేను భోరుమన్నాను. అందరూ అత్త కోసమనే అనుకున్నారు. కొంత అత్త కోసమే.

మళ్ళీ ఓటు అడగాలంటే కొన్నాళ్ళు ఆగాలి. ఆ లోపల కమిటీలో ఇద్దరిని వేరే షిఫ్టుకు మార్చారు, ఒకామె మానేసింది, తర్వాత రోగం వచ్చి ఊళ్ళకు ఊళ్ళే మూసేశారు. అది తెరిపిన పడ్డాక ఒకరోజు కార్యదర్శే చెప్పాడు, రూలు మార్చేశారట, ఇప్పుడు వచ్చినవాళ్ళ ఓట్లే లెక్కట. చేతులు కాలాక ఆకులు దొరికాయి. అప్పటికి ఎవరిలోనూ ఊపిరి లేదు, నాలో అసలే లేదు.

రెండోసారి దొరను టీవీలో చూసింది మళ్ళీ వాళ్ళ ఎన్నికలప్పుడే. అదే పెద్దమనిషో ఇంకొకరో, నాకు పట్టలేదు, ఎందుకంటే నేను చూసింది ఇంకొకటి. వేదికకు ఒక పక్క దొర. ఇంకో పక్క టోపీలు పెట్టుకున్న కార్మికులు, టోపీల మీద మాకొచ్చిన ఉత్తరం మీది యూనియన్ గుర్తే! బయటి దేశాల సరుకు మీద సుంకం వేస్తాం, ఫ్యాక్టరీలన్నీ ఇంటికి తెస్తాం అని మధ్యలో ఆ పెద్దమనిషి అంటుంటే ఆ పక్కా చప్పట్లు, ఈ పక్కా చప్పట్లు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఇక్కడ ఆంబోతులు పోట్లాడుకోను కూడా లేదు, ఒకే పందిట్లో నిలబడి నవ్వుకుంటున్నాయి, మా కాళ్ళు మాత్రం విరిగాయి. టోపీల మధ్య ఒక పెద్ద వయసు ఆవిడ కనపడింది. లాకర్ దగ్గరికి పోయి ఫోటో చూసుకున్నాను. ఆవిడో కాదో తేలలేదు. తిడదామనుకున్నాను గానీ నోరు రాలేదు. నా స్టూలే ఇంకో దేశం పోతుందంటే, ఆపుతానన్నవాడికి నేను మాత్రం చప్పట్లు కొట్టనా?

సుంకాలు వచ్చాయి. మొదట ఓవర్‌టైం ఆగింది, తర్వాత ఒక షిఫ్టు, తర్వాత మా లైనే. మైక్రోస్కోపులను చెక్కపెట్టెల్లో పెట్టి మేకులు కొడుతుంటే నిలబడి చూశాం. మా బల్లలు మీ దగ్గరికే వస్తున్నాయా అని అమెరికా ఆవిడకు కార్యదర్శి చేత రాయించాను. రెండు వారాలకు రెండే ముక్కల జవాబు. మాకూ రాలేదు, ఇక్కడ గొట్టాలను ఇప్పుడు కెమెరాయే చూస్తోంది, మమ్మల్నీ సగం మందిని పంపేశారు అని. కెమెరాకు కంటి పరీక్ష ఉండదు కదా. ఫోటో చించుదామని తీసి, చించలేక సంచిలో వేసుకున్నాను.

యూనియన్ ఉంటే ఫ్యాక్టరీ ఆగేదా అంటే ఆగేది కాదు. అన్నేళ్ళ యూనియన్ ఉన్న అమెరికావాళ్ళదే ఆగలేదు. కానీ అదే నెలల్లో మా పక్క వీధిలో ఇంకో ఫ్యాక్టరీ మూసేశారు. అక్కడ యూనియన్ ఉంది. వాళ్ళు మేనేజర్ల ఎదురుగా కూర్చుని వాదించి, కళ్ళు చెడినవాళ్ళకు ఆపరేషన్ ఖర్చు రాయించుకున్నారు. మాకు ఎదురు కుర్చీ లేదు. వరసలో నిలబడితే, ఎంత ఇస్తారో వాళ్ళే రాసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. వదినకు గీత కనపడలేదు. నేను వేలు పెట్టి చూపించాను.

"సచ్చినోడి పెళ్ళికి వచ్చిందే కట్నం," అని సంతకం పెట్టింది.

బయటికొచ్చి గేటు ఎదురుగా ఉన్న కొట్లో కూర్చున్నాం. రెండు తే తారిక్ టీలు చెప్పాను. వదిన చాలాసేపు గేటు వైపు చూసింది, కనపడే చూసిందో అలవాటుకొద్దీ చూసిందో.

"ఆ రోజు నా నడుంలో పాసుందే," అంది.

ఏ రోజని అడిగాను.

"అమ్మ పోయిన రోజు. నాదొక్కద్దే కాదు, ఏడుగురివీని. పొద్దున్నే మాలో మేం సెప్పుకున్నాం. నువ్వు లెగిస్తే లెగుద్దారని కూకున్నాం. నువ్వు లెగనేదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. తల్లి శవం ముందునుంచి నువ్వు లేచి వచ్చేదానివా వదినా అన్నాను.

"అమ్మేటి, పారిపోద్దేటి? పది నిమిషాల దారి. నీకేసి రెండు పాలి సూసినాను. తల దించీసినావు. ఓటు సంగతి నీకు తెలుసు కదా, ఏదో ఆలోసించే ఉంటావనుకున్నాం."

రానివాడి ఓటు దొరకి పడినట్టేనని వాళ్ళకు నేర్పింది నేను. ఏడుగురు పాసులు దోపుకుని నా ఎదురుగానే కూర్చున్నారు, నేను లేస్తానని. ఆ ముసలమ్మలు ఏమంటారోనని నేను పొద్దున్నుంచి అయిదుదాకా అక్కడే ఉన్నాను. ఆ ముసలమ్మల్లో ఇప్పుడు సగం మంది లేరు. మిగిలినవాళ్ళకు ఆ రోజు ఏదో ఓటుందని కూడా తెలియదు.

టీ వచ్చింది. వదిన గ్లాసు కోసం చెయ్యి చాపి, దానికి రెండు వేళ్ళ ఇవతల బల్లను తడిమింది. నేను గ్లాసు జరిపి ఆమె చేతికి అందించాను.