ఆరని మైదాకు

రాజవ్వత్త పెట్టిన మైదాకు ఎప్పటికీ ఆరేది కాదు. ముంబయి ఎండకు దుప్పట్లు గంటలో ఎండుతాయి, ఆమె మైదాకు మాత్రం మూడు గంటలైనా తడే.

ఎనభై ఆరులో దాదర్ కమిటీ ఒకటి కామాటిపురలోని మా తెలుగు కూలీల ఇళ్ళ ఆడవాళ్ళకు చేతిపని నేర్పాలనుకుంది. తీగలు, మామిడి పిందెల బొమ్మలు ముందు చేతుల మీద మైదాకుతో నేర్చుకుని, తర్వాత మట్టికుండల మీద రంగులతో దించాలి. దీపావళికి దాదర్‌లో ప్రదర్శన. నేర్పేది రాజవ్వత్త, నేర్చుకునేది మేం తొమ్మిదిమందిమి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా వరసగదుల చాల్ మేడ వరండాలో క్లాసు. చేతులు దాటి కుండల దాకా మేమెన్నడూ పోలేదు.

"అత్తా, ఆరినట్టుంది."

"ఆరలే! రంగెట్ల పండుతది? చుప్ బైఠ్!" అంటూ చక్కెర కలిపిన నిమ్మరసం మళ్ళీ అద్దేది.

మమ్మల్ని కదలొద్దనే మనిషి తాను మాత్రం కాలుగాలిన పిల్లిలా మెట్లు దిగేది, ఎక్కేది.

"యాడికత్తా?" అని ఆటపట్టించేవాళ్ళం.

"నిమ్మకాయలకు!"

ఒక్క మధ్యాహ్నంలో ఆరుసార్లు నిమ్మకాయలకు వెళ్ళే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మాలో లచ్చమ్మకు ఏడో నెల. వారమంతా ఇటుకలు మోసేది. ఆదివారం నల్లా రాగానే ఆమె అత్త ఎల్లమ్మ కేక పెట్టేది.

"ఓ లచ్చా! నీళ్ళెవరు పడ్తరే?"

"చేతులు తడి, ఎల్లవ్వా! చెరిగితే దాదరోళ్ళకు జవాబు నువ్వు చెప్తవా?" అనేది రాజవ్వత్త.

దాదర్ పేరెత్తితే ఎల్లమ్మ నోరు మూతపడేది. లచ్చమ్మ గోడకానుకుని నిద్రపోయేది. వారంలో ఆమెకు దక్కే విశ్రాంతి అదొక్కటే. మేం ఇళ్ళకు పోయేసరికి నీళ్ళ డ్రమ్ములు నిండి ఉండేవి. ఇళ్ళల్లో మా అత్తలే నింపారనుకునేవాళ్ళం, వాళ్ళూ కాదనేవాళ్ళు కాదు.

దీపావళి ముందు కబురొచ్చింది. కమిటీ శంకర్రావు చూడటానికి వస్తాడట, రంగులు దించిన కుండలు లేకపోతే క్లాసు బందట.

"క్లాసు బందైతే నేనెట్లనే, రత్నా?" అంది లచ్చమ్మ, ఏడుపు గొంతుతో.

"అత్తా, ఒక్క కుండన్నా గీద్దాం!" అన్నాను.

"ముందు చెయ్యి వట్టు."

నాకు ఒళ్ళు మండింది.

శంకర్రావు వచ్చేసరికి ఎనిమిదిమంది చేతులు చాచి నిద్రలో ఉన్నారు. భయానికి నేనూ ఓరకంట చూస్తూ దొంగనిద్ర పోయాను. మూలన కుండలు బోడిగా ఉన్నాయి. ఆయన అరవడానికి నోరు తెరిచాడు.

అప్పుడే మెట్లెక్కి వచ్చింది రాజవ్వత్త. రెండు చేతుల్లో రెండు బకెట్లు, మోకాళ్ళ దాకా తడిసిన చీర. నిమ్మకాయ ఒక్కటీ లేదు.

"హళూ, మెల్లగ! చప్పుడు చెయ్యకుండ్రి. లచ్చమ్మకు ఇప్పుడే కన్నంటుకున్నది," అని గొంతు తగ్గించి చెప్పి, నీళ్ళు లచ్చమ్మ డ్రమ్ములో పోసింది. "ఇంకా ఏడిండ్లున్నయ్. నల్లా వోతది. జర జరుగుండ్రి."

ఇన్నాళ్ళూ ఆమెను ఆటపట్టించినందుకు నాకు సిగ్గేసింది. శంకర్రావు లచ్చమ్మ వైపు చూశాడు. చప్పుడు కాకుండా చెప్పులు విడిచాడు. ఫైలు నా ఒళ్ళో పెట్టి ఒక బకెట్ అందుకున్నాడు.

వెళ్ళేముందు అక్కడే కూర్చుని రిపోర్టు రాశాడు. "శిష్యురాళ్ళ శ్రద్ధ అమోఘం. చేతులు కదపకుండా మూడు గంటలు కూర్చుంటున్నారు. కుండల దాకా రావడానికి కనీసం మరో ఏడాది పడుతుంది. క్లాసు కొనసాగించవలెను."

కింద సంతకం మాత్రం నీళ్ళకు అలుక్కుపోయింది.